నలుగురి పేర్లు, ఒక్కరి పని

విద్యా సంవత్సరం సగానికి వచ్చేసరికి మన పాఠశాలల్లో ప్రాజెక్టుల కాలం మొదలవుతుంది. ఉపాధ్యాయుడు తరగతిని నలుగురైదుగురు విద్యార్థుల జట్లుగా విభజించి, ఒక్కొక్క జట్టుకు ఒక్కొక్క అంశం అప్పగిస్తాడు. నిర్ణీత దినాన ఆ జట్టు తరగతి ముందు నిలబడి, చార్టుల సాయంతోనో, ప్రొజెక్టరుపై స్లైడ్ల సాయంతోనో తన అంశాన్ని వివరించాలి. వల్లెవేతకు బదులు వెతికి తెలుసుకోవడం, ఒంటరి చదువుకు బదులు కలసి పనిచేయడం పిల్లలకు అలవడాలన్నది దీని ఉద్దేశం. ఉద్దేశాన్ని ఎవరూ కాదనరు. ఆచరణ ఎలా ఉన్నదో చూడవలసిన బాధ్యత మాత్రం తల్లిదండ్రులుగా, సామాజిక కార్యకర్తలుగా మనందరిపై ఉన్నది.

ఆచరణలో జరుగుతున్నది తరచుగా ఇదీ: ఇంట్లో కంప్యూటరు ఉన్న విద్యార్థి పని మొత్తం నెత్తిన వేసుకుంటాడు. కొన్ని ఇళ్ళలో అతనికి బదులు తండ్రో, అన్నో ఆ పని ముగిస్తాడు. ఆ వసతి లేని జట్టు తలా కొంత డబ్బు వేసుకొని నెట్ సెంటరుకు వెళుతుంది. అక్కడ పది నిమిషాలలో ఏవో బొమ్మలు, ఏవో పేరాలు దించి, రంగులలో ముద్రించి చేతికిస్తారు. అట్టపై నలుగురి పేర్లూ ఉంటాయి. తరగతి ముందు మాట్లాడేది ఒక్కరే. మిగిలినవారు చార్టు అంచులు పట్టుకొని నిలబడతారు.

ఆ అంచులు పట్టుకొని నిలబడే పిల్లలు ఎవరన్నది గమనించండి. సాయంత్రం వేళ దుకాణంలో తండ్రికి చేదోడుగా ఉండే బాలుడు. బడి విడిచిన తరువాత స్నేహితురాలి ఇంటికి వెళ్ళేందుకు అనుమతి లేని బాలిక. ఇంట్లో ఉర్దూ మాట్లాడుతూ బడిలో తెలుగు మాధ్యమంలో చదువుతున్నందున నలుగురిలో నోరు విప్పడానికి జంకే బిడ్డ. మార్కులు వీరికీ పడతాయి. కానీ నా పేరు ఉంటే చాలు, నా పని అక్కరలేదన్న పాఠాన్ని కూడా వీరు ఆ రోజే నేర్చుకుంటారు. పని మొత్తం చేసిన విద్యార్థి నేర్చుకునే పాఠమూ మంచిది కాదు. ఇతరుల రాతను, ఇతరుల చిత్రాన్ని పేరు చెప్పకుండా తీసుకున్నా అడిగేవారు ఉండరని అతడు తెలుసుకుంటాడు.

ఈ రెండు దోషాలనూ విడివిడిగా కాక కలిపి చూడాలన్నది మా అభిప్రాయం. పని పంచుకోవడంలో న్యాయం, వనరులు తీసుకోవడంలో నిజాయితీ ఒకే అలవాటుకు రెండు ముఖాలు. ఎవరు ఏమి చేశారో చెప్పడం ఒకటి, దేనిని ఎవరి నుండి తీసుకున్నామో చెప్పడం మరొకటి.

మొదటి దానికి దారి చూపిన ఒక ప్రయోగాన్ని ఇక్కడ ప్రస్తావించడం సముచితం. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో, ఆస్టిన్ నగర పాఠశాలల్లో అంతవరకు వేరువేరుగా చదివిన శ్వేతజాతి, నల్లజాతి, హిస్పానిక్ పిల్లలను ఒకే తరగతిలో కూర్చోబెట్టినప్పుడు వారి మధ్య వైషమ్యాలు చెలరేగాయి. అప్పుడు, 1971లో, ఇలియట్ ఆరన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన విద్యార్థులు కలిసి ఒక పద్ధతిని ప్రవేశపెట్టారు. పాఠాన్ని జట్టులో ఎందరున్నారో అన్ని భాగాలు చేసి, ఒక్కొక్క విద్యార్థికి ఒక్కొక్క భాగం మాత్రమే ఇచ్చారు. ఆ విద్యార్థి ఇతర జట్లలో అదే భాగం అందుకున్న వారితో కూర్చొని దానిని క్షుణ్ణంగా నేర్చుకొని, తిరిగి వచ్చి తన జట్టుకు బోధించాలి. పరీక్ష మాత్రం మొత్తం పాఠంపై, ఎవరికి వారికే. అంటే, తమలో అందరికన్నా వెనుకబడినవాడని అనుకున్న పిల్లవాడు చెప్పేది వినకపోతే మిగిలినవారికి కూడా గడవదు. ముక్కలు కలిపితేనే బొమ్మ పూర్తయ్యే ఆట పేరు మీదుగా దీనికి జిగ్సా పద్ధతి అని పేరు వచ్చింది. భిన్న వర్గాల పిల్లలు కలసి చదివే మన తరగతులకు ఇంతకన్నా తగిన పద్ధతి మాకు కనిపించలేదు. దీనికి ఖర్చు లేదు, యంత్రాలు అక్కరలేదు. ఉపాధ్యాయుని శ్రద్ధ ఒక్కటి చాలు.

ఇక రెండవది, వనరుల సంగతి. అంతర్జాలంలో డబ్బు చెల్లించకుండా కనిపించేదంతా స్వేచ్ఛగా వాడుకోదగినదన్న భ్రమ విస్తారంగా ఉన్నది. ఉచితంగా చూడగలగడం వేరు, స్వేచ్ఛగా నకలు చేసి, మార్చి, పంచగలగడం వేరు. రెండవ అనుమతిని కర్త తానుగా ముందే రాసి ఇచ్చేదే స్వేచ్ఛా లైసెన్సు. ఈ ఉద్దేశంతో 2001లో ఏర్పడిన క్రియేటివ్ కామన్స్ సంస్థ 2002 డిసెంబరులో తన తొలి లైసెన్సులను విడుదల చేసింది. వాటిలోని షరతులు నాలుగే: కర్త పేరు చెప్పాలి, మార్చి వాడితే ఆ కొత్త రూపాన్నీ అదే లైసెన్సు కింద ఇవ్వాలి, వ్యాపారానికి వాడరాదు, మార్పులు చేయరాదు. వీటిలో కొన్నింటిని కలిపి కర్త తనకు నచ్చిన లైసెన్సు ఎంచుకుంటాడు. ఏది ఎంచుకున్నా కర్త పేరు చెప్పడం మాత్రం తప్పనిసరి.

ఇటువంటి నిధులు నేడు మనకు అందుబాటులోనే ఉన్నాయి. 2004లో మొదలైన వికీమీడియా కామన్స్‌లో చిత్రాలు, పటాలు, ధ్వనులు, దృశ్యాలు కలిపి పది కోట్లకు పైగా ఉన్నాయి. వ్యాపారానికి వాడరాదు, మార్చరాదు అనే షరతులున్న వాటిని అక్కడ స్వీకరించరు గనుక విద్యార్థికి సందేహం లేదు. తెలుగు వికీపీడియా 2003 నుండి నడుస్తున్నది, ఉర్దూ వికీపీడియా కూడా ఉన్నది. కాపీహక్కు గడువు తీరిన పుస్తకాలు తెలుగు వికీసోర్సులో లభిస్తాయి. భౌతిక, రసాయన శాస్త్ర ప్రయోగాలను తెరపై చేసి చూసుకొనేందుకు కొలరాడో విశ్వవిద్యాలయం వారి ఫెట్ నమూనాలున్నాయి. స్లైడ్ల తయారీకి లిబ్రేఆఫీస్, తెలుగు అక్షరాలకు మల్లన్న, మండలి, సూరన్న వంటి ఫాంట్లు, ఉర్దూకు నోటో నస్తాలీఖ్ ఫాంటు ఉన్నాయి. వీటిలో దేనికీ పైసా చెల్లించనక్కరలేదు, దొంగ నకలుతో పనిలేదు. 2013లో కేంద్ర ప్రభుత్వం, ఎన్.సి.ఇ.ఆర్.టి. కలిసి ప్రారంభించిన జాతీయ స్వేచ్ఛా విద్యా వనరుల భాండాగారానికి కూడా ఇదే తరహా లైసెన్సును ఎంచుకున్నారు. 2019 నవంబరులో యునెస్కో సర్వసభ్య సమావేశం స్వేచ్ఛా విద్యా వనరులను ప్రోత్సహించాలని సభ్య దేశాలకు సిఫారసు చేసింది.

చట్టం మాటేమిటని కొందరు ఉపాధ్యాయులు సంకోచిస్తారు. 1957 నాటి కాపీహక్కు చట్టంలోని 52వ సెక్షను బోధనలో భాగంగా ఉపాధ్యాయుడు గాని, విద్యార్థి గాని ఒక రచనను పునరుత్పత్తి చేయడాన్ని ఉల్లంఘనగా పరిగణించదు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో జెరాక్సు ప్రతులపై ప్రచురణకర్తలు వేసిన దావాలో ఢిల్లీ హైకోర్టు 2016లో ఈ మినహాయింపును విశాలంగానే అన్వయించింది. కాబట్టి తరగతి గదిలో చూపినంత మాత్రాన బిడ్డ నేరస్థుడు కాడు. కానీ ఆ మినహాయింపు బోధన వరకే. అదే ప్రదర్శనను పాఠశాల సంచికలో ముద్రించాలన్నా, పొరుగు పాఠశాలలకు పంచాలన్నా, అందరికీ అందుబాటులో ఉంచాలన్నా దానిపై ఆధారపడలేము. స్వేచ్ఛా లైసెన్సు గల వనరులతో చేసిన పనికి ఈ అడ్డు లేదు. దానిని ముద్రించవచ్చు, పంచవచ్చు, మరుసటి సంవత్సరం పిల్లలు అందుకొని ఇంకా మెరుగుపరచవచ్చు.

ఒక ఉదాహరణతో చెబితే విషయం తేటపడుతుంది. తొమ్మిదవ తరగతిలో నలుగురి జట్టుకు 1908 మూసీ వరద అంశంగా ఇచ్చారనుకుందాం. ఆ సంవత్సరం సెప్టెంబరు 28న హైదరాబాదును ముంచెత్తిన ఆ వరద వేలాది ప్రాణాలను బలిగొన్నది. ఆ తరువాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్య నగరానికి వచ్చి వరద నివారణ పథకం రూపొందించారు. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. జట్టులో ఒకరు గ్రంథాలయ పుస్తకాల నుండి, వికీపీడియా నుండి సంఘటనల కాలక్రమం తయారుచేయాలి. రెండవవారు కామన్స్ నుండి పాత ఛాయాచిత్రాలు తీసి, ప్రతి చిత్రం కింద అది ఎవరిదో, ఏ లైసెన్సులో ఉన్నదో రాయాలి. ఆనాడే ప్రచురితమైన చిత్రాలకు మన చట్టం ప్రకారం అరవై ఏళ్ళ గడువు ఎన్నడో తీరింది. మూడవవారు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఆధారంగా నది, రెండు జలాశయాలు, అఫ్జల్‌గంజ్ ప్రాంతం గల పటం గీసి, దాని సహకారుల పేరిట ఒక వాక్యం చేర్చాలి.

నాల్గవ పని ఉర్దూ చదవగలిగిన బిడ్డది. ప్రసిద్ధ రుబాయీ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లిని, భార్యను, కుమార్తెను కోల్పోయారు. ఆ విషాదం ఆయన కవిత్వంలోకి వచ్చింది. ఆయన 1961లో కన్నుమూశారు. రచయిత మరణించిన మరుసటి సంవత్సరారంభం నుండి అరవై ఏళ్ళు కాపీహక్కు ఉంటుంది గనుక, ఆయన జీవితకాలంలో వెలువడిన రచనలు 2022 నుండి అందరివీ అయ్యాయి. వాటిలో వరదకు సంబంధించిన దానిని ఆ బిడ్డ తెలుగులోకి మార్చి తరగతికి వినిపిస్తే, అంతవరకు చార్టు అంచు పట్టుకొన్న ఆ చేయి జట్టులో మరెవ్వరూ చేయలేని పని చేసినట్లవుతుంది. ఇంట్లోని భాష అతనికి అడ్డంకి కాదు, అతడు జట్టుకు తెచ్చిన సొత్తు అని తరగతి అంతా చూస్తుంది.

ఒక మాట ఎవరి నుండి విన్నాము, వారు ఎవరి నుండి విన్నారు అని వరుసగా చెప్పనిదే ఉల్లేఖనాన్ని అంగీకరించని హదీసువేత్తల సంప్రదాయం మన పాఠకులకు తెలిసినదే. చిత్రం కింద కర్త పేరు రాయమని పిల్లలకు చెప్పేటప్పుడు ఈ సంగతిని గుర్తుచేయవచ్చు. ఇతరుల శ్రమ మన చేతిలో అమానత్ అన్న భావన మన ఇళ్ళకు కొత్తది కాదు.

ఇక చేయవలసినవి. ఉపాధ్యాయులకు మా మనవి ఇది: జట్టును నియమించిన రోజే ఎవరి పని ఏమిటో కాగితంపై రాయించండి. పని చేసేందుకు బడి వేళలలోనే కొన్ని పీరియడ్లు కేటాయించండి. అప్పుడు ఇంటి వసతులలోని తేడాలు, బాలికల రాకపోకల ఇబ్బందులు చాలావరకు తొలగుతాయి. వివరించవలసిన వారు ఎవరన్నది ఆ రోజు మీరే నిర్ణయించండి. ఎవరి వంతు వస్తుందో తెలియనప్పుడు అందరూ సిద్ధపడతారు. రంగులకు, మెరుపులకు మార్కులు తగ్గించి, ఆధారాలు చెప్పినందుకు, తోటివారి భాగాన్ని కూడా వివరించగలిగినందుకు మార్కులు వేయండి.

తల్లిదండ్రులు బిడ్డకు బదులుగా ప్రాజెక్టు చేయరాదు, చేయించరాదు. "నీ వంతు ఏమిటి? ఇది ఎక్కడి నుండి తీసుకున్నావు?" అన్న రెండు ప్రశ్నలు అడిగితే చాలు. చదువురాని తల్లి కూడా అడగగల ప్రశ్నలే ఇవి.

వీధి గ్రంథాలయాలు, యువజన సంఘాలు, మస్జిద్ కమిటీలు పూనుకుంటే ఒక గది, ఒక పాత కంప్యూటరు చాలు. కివిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ద్వారా తెలుగు, ఉర్దూ వికీపీడియాలను ఒకసారి దించుకుంటే, ఆ తరువాత అంతర్జాలం లేకుండానే చదువుకోవచ్చు. పెన్ డ్రైవులో నకలు చేసి నలభై మంది పిల్లలకు ఇచ్చినా ఎవరి అనుమతీ అడగనక్కరలేదు. ఫోన్ రీఛార్జికి వెనుకాడే ఇంటికి స్వేచ్ఛా లైసెన్సు విలువ ఇక్కడే బోధపడుతుంది.

చివరగా సామాజిక కార్యకర్తలకు ఒక మాట. తీసుకోవడంతో పాటు ఇవ్వడం కూడా మన పని. మన ఊరి పాత కట్టడం, మన వీధిలోని చేతివృత్తి, పెద్దల నోట ఉన్న ఉర్దూ, తెలుగు సామెతలు, పాత ఛాయాచిత్రాలు ఎవరో ఒకరు చేర్చితేనే ఆ నిధులలో ఉంటాయి. మనం చేర్చకపోతే మన పిల్లవాడు తన ఊరి గురించి వెతికినప్పుడు అక్కడ ఖాళీయే కనిపిస్తుంది, లేదా ఇతరులు రాసినదే కనిపిస్తుంది. స్వయంగా తీసిన చిత్రాన్ని స్వేచ్ఛా లైసెన్సుతో కామన్స్‌లో చేర్చడానికి ఒక ఫోను, ఒక ఖాతా చాలు. ఈ సంవత్సరం ప్రాజెక్టులు మొదలయ్యేలోగా ప్రతి ఊరి నుండి కనీసం పది చిత్రాలు, వాటి కింద సరైన వివరాలు చేరేలా మన యువకులు పూనుకోవాలని కోరుతున్నాము.