నల్లేరుకు నీళ్లే గండం

ఈ వారం మన గదుల్లో ఎవరూ పట్టించుకోని ఒక మొక్క గురించి చెప్పుకుందాం. ప్లెయిన్స్‌బరోలో పని మారి వెళ్లిపోయేవాళ్లు కుక్కరు, దుప్పటితో పాటు ఒక్కోసారి కుండీ కూడా వదిలేసి వెళ్తుంటారు. ఆకులు రాలిపోయి, నాలుగు పలకల కాడలు గొలుసులా వేలాడుతుంటే చచ్చిపోయిందనుకుని చెత్తబుట్టలో వేస్తారు. వేయకండి. అది నల్లేరు కావచ్చు. కాడ గట్టిగా, పచ్చగా ఉంటే బతికున్నట్టే.

మన ఊళ్లల్లో కంచెల మీద పాకే ఈ తీగ ద్రాక్ష కుటుంబానికి చెందినది. నీళ్లను కాడలోనే దాచుకుంటుంది. కాడ మీది సన్నని రంధ్రాలను పగలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరుస్తుంది. అందుకే దాని నీటి ఖర్చు చాలా తక్కువ.

క్యాంపు గదిలో దీనికి వచ్చే కష్టం ఒక్కటే. ఆరుగురు ఉంటే ఆరుగురూ జాలిపడి తలో గ్లాసు నీళ్లు పోస్తారు. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చినట్టు మొదలు కుళ్లిపోతుంది. కాబట్టి మొక్క బాధ్యత ఒక్కరికే అప్పగించండి. వేసవిలో మట్టి పూర్తిగా ఎండాకే నీళ్లు పోయాలి. చలికాలంలో నెలకోసారి కొంచెం పోస్తే చాలు. కాడ ముడతలు పడితే దాహం వేసినట్టు. మొదట్లో మెత్తబడి నల్లగా మారితే నీళ్లు ఎక్కువైనట్టు.

అలా కుళ్లినా భయం లేదు. కుళ్లు పైన గట్టిగా ఉన్న చోట, రెండు కణుపులు ఉండేలా ముక్క కోయండి. మూడు నాలుగు రోజులు నీడలో ఆరబెట్టండి. కోసిన చోట ఎండాక సగం మట్టి, సగం ముతక ఇసుక కలిపి నాటండి. కుండీ కొనక్కర్లేదు, పెరుగు డబ్బా అడుగున నాలుగు చిల్లులు పొడిస్తే సరిపోతుంది. పాకడానికి ఒక పుల్ల గుచ్చండి. తెల్లటి దూదిలాంటి పిండి పురుగు పడితే మందుల షాపులో దొరికే రబ్బింగ్ ఆల్కహాల్‌లో దూది ముంచి తుడవండి.

న్యూజెర్సీ మంచు దీనికి పడదు. సెప్టెంబరు చివరికల్లా లోపలికి తెచ్చి, దక్షిణం వైపు కిటికీ దగ్గర పెట్టండి. హీటరు గాలి నేరుగా తగలనివ్వకండి. ఊరి నుంచి సూట్‌కేసులో ముక్క తెచ్చుకోవాలని మాత్రం చూడకండి. మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకపోతే విమానాశ్రయంలో తీసేసుకుంటారు, దాచి తెస్తే జరిమానా కూడా పడవచ్చు. తెలిసినవాళ్ల దగ్గర ఒక కణుపు అడిగి తీసుకోండి.

బాగా పెరిగాక లేత కొసలతో పచ్చడి చేసుకోవచ్చు. పచ్చిది తింటే గొంతు దురద పెడుతుంది. చేతులకు నూనె రాసుకుని, అంచుల నార తీసి, నూనెలో బాగా మగ్గించి, చింతపండు వేసి నూరాలి.

చివరిగా ఒక ముఖ్యమైన మాట. విరిగిన ఎముకకు నల్లేరు వాడటం మన ఊళ్లల్లో పాత అలవాటు. అలా అని పనిలో చెయ్యి విరిగినా, బెణికినా నల్లేరు నూరి కట్టుకుని గదిలో కూర్చోకండి. ముందు ఎక్స్‌రే తీయించుకోవాలి. పనిలో దెబ్బ తగిలిన ఉద్యోగికి వైద్యం ఖర్చు యజమాని తరఫు బీమా భరించాలని న్యూజెర్సీలో చట్టం ఉంది. తప్పు ఎవరిదన్న ప్రశ్నే లేదు. దెబ్బ తగిలిన రోజే సూపర్‌వైజరుకు చెప్పండి, చెప్పిన తేదీ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. మొక్కను నెల రోజులు మరిచిపోయినా పరవాలేదు, దెబ్బను మాత్రం ఒక్కరోజు కూడా వాయిదా వేయకండి.