అమ్మాయిని ఏ హైస్కూలులో చేర్పించాలి?



పోయిన నెలలో ఒక తల్లి వ్రాసిన ఉత్తరము మాకు అందినది. పేరు, ఊరు ప్రకటించవద్దని ఆమె కోరినందున వ్రాయుట లేదు. ఆమె కుమార్తె సొంత ఊరి బడిలో ఏడవ తరగతి చదువుతున్నది. ఆ బడి అంతటితో సరి. హైస్కూలు ఆరు కిలోమీటర్ల దూరములో పెద్ద ఊరిలో ఉన్నది. "పిల్లవాడిని పసుపు బస్సు వచ్చే కాన్వెంటుకు పంపుతున్నాము. దానికి అప్పు తెచ్చాము. అమ్మాయి సంగతి వచ్చేసరికి, ఇక చాలు, మాన్పించేద్దాము అంటున్నారు మా ఇంటాయన. మీరిద్దరూ పంతుళ్లుగా పని చేసినవారు, అన్ని రకాల బడులూ చూసినవారు. ఏ హైస్కూలు మంచిదో మీరే చెప్పండి" అని వ్రాసింది. సంతకము పెట్టిన తరువాత క్రింద ఇంకొక వరుస ఉన్నది. "అమ్మాయికి లెక్కలు బాగా వస్తాయి" అని.

ఆ క్రింది వరుస మమ్మల్ని వదలలేదు. ఆమెకు మాత్రమే జవాబు వ్రాసి ఊరుకోవచ్చును గాని, ఇటువంటి మాట ఇంకా అనేక ఇండ్లలో నడుస్తున్నదని మాకు తెలుసు. అందుకని ఈ నెల ఈ పుటలోనే వ్రాస్తున్నాము.

పోయిన దసరా సెలవులలో మా వీధి పిల్లలు కొందరు సాయంత్రము పూట మా వసారాలో చేరేవారు. ఒకే వీధి పిల్లలైనా నాలుగు రకాల బడులలో చదువుతున్నారు. మార్కుల సంగతి అడిగితే అందరూ తలలు దించుకుంటారు, అది మాకు అనుభవమే. కనుక మేము వేరే ప్రశ్న అడిగాము: "ఉదయము లేచినది మొదలు రాత్రి పండుకొనే వరకు మీ బడిలో ఏమేమి జరుగుతుంది?" అంతే, ఆ సాయంత్రము దీపాలు పెట్టే వేళ దాటినా ఎవరూ లేవలేదు.

జిల్లా పరిషత్తు హైస్కూలులో తొమ్మిదవ తరగతి చదివే అమ్మాయి ముందుగా చెప్పింది. వాళ్లు ఎక్కే ఆటోలో పధ్నాలుగు మంది. బరువు సంచులు వెనుక కడతారు. బడిలో మధ్యాహ్న భోజనము, గుడ్డు, కొన్ని రోజులు రాగిజావ, కొన్ని రోజులు చిక్కి. పాఠ్యపుస్తకములో ఒక ప్రక్క తెలుగు, ఎదురు ప్రక్క ఇంగ్లీషు. సైన్సు మేడము ఇంగ్లీషులో చదివించి తెలుగులో బోధిస్తారట. లెక్కల సారు అర్థము కాలేదన్న వారిని తిట్టకుండా అదే లెక్కను మరొక విధముగా చేసి చూపిస్తారట. హిందీ టీచరు బదిలీ అయి వెళ్లిన తరువాత మూడు నెలలు ఆ పీరియడులో ఎవరూ రాలేదట. "ఆ పీరియడులో కబడ్డీ ఆడాము" అని నవ్వింది. ఆట స్థలము మాత్రము చాలా పెద్దది.

తరువాత, మగపిల్లలు అటు వెళ్లిన సమయము చూసి, ఇంకొక మాట చెప్పింది. మరుగుదొడ్లు క్రొత్తగా కట్టారు, బాగున్నవి. కాని మోటారు చెడిపోతే నీళ్లు ఉండవు. నీళ్లు లేవని తెలిసిన రోజున ఆడపిల్లలు ఉదయము నుండి మంచినీళ్లు త్రాగరట. ఎండాకాలము కూడా అంతే. ఆ అమ్మాయి తల్లి మా ప్రక్క ఇంటిలోనే ఉంటుంది. ఆమెకు ఆ సంగతి అంతవరకు తెలియదు. మేము ముప్పై సంవత్సరములు బడిలో పని చేసినవారము, మాకూ ఇది ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

సాంఘిక సంక్షేమ గురుకులములో ఎనిమిదవ తరగతి చదివే అబ్బాయి కబుర్లు ఇంకొక రకముగా ఉన్నవి. తెల్లవారుజామున అయిదు గంటలకు ఈల. వ్యాయామము, స్నానాల దగ్గర బకెట్లతో వరుస, చదువు, టిఫిను, బడి, మళ్లీ చదువు. ట్రంకు పెట్టె తాళపుచెవి మొలత్రాడుకు కట్టుకుంటాడు. మొదటి నెల రాత్రిపూట దుప్పటి ముసుగు పెట్టుకొని ఏడ్చాడట. ఇప్పుడు అయిదవ తరగతి చిన్నవాళ్లు ఏడుస్తుంటే వీడే వెళ్లి ఊరడిస్తాడు. ఒకరికి గజ్జి వస్తే గదిలో అందరికీ వస్తుంది. నెలకు ఒక ఆదివారము తల్లిదండ్రులను రానిస్తారు. వాళ్ల అమ్మ కోడికూర, వేరుశనగ ఉండలు తీసుకొని వెళుతుంది. "మరి ఎవరూ రాని పిల్లలు?" అని అడిగాము. "వాళ్లు ఆ రోజు గేటు వైపు రారు తాతయ్యా" అన్నాడు. వీడు ఒక ఉండ ఎవరికో ఒకరికి దాచి పెడతాడట. ఇది వాళ్ల అమ్మ చెప్పింది, వాడు చెప్పలేదు.

ఈ గురుకులాల మాట వచ్చినది కనుక కొంచెము వివరముగా చెప్పవలెను. పి.వి. నరసింహారావు గారు ముఖ్యమంత్రిగా ఉన్న రోజులలో, 1971లో, అప్పటి నల్గొండ జిల్లాలోని సర్వేలులో మొదటి గురుకుల పాఠశాల ప్రారంభమైనది. మరుసటి సంవత్సరము గుంటూరు జిల్లా తాడికొండలో ఒకటి వచ్చినది. తరువాత దళిత, గిరిజన, వెనుకబడిన తరగతుల పిల్లల కొరకు అనేకము వచ్చినవి. నిజామాబాద్ జిల్లాకు చెందిన గురుకుల విద్యార్థిని మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు శిఖరము ఎక్కినప్పుడు ఆమెకు పధ్నాలుగేండ్లు ఇంకా నిండలేదు. ఖమ్మం జిల్లా గురుకుల విద్యార్థి సాధనపల్లి ఆనంద్ కుమార్ ఆమెతో కలిసి ఎక్కాడు. ఇద్దరూ పేద ఇండ్ల పిల్లలే. అదే సమయములో, హాస్టలు భోజనము తిని పిల్లలు ఆసుపత్రి పాలైన వార్తలు కూడా మనము పత్రికలలో చదువుతూనే ఉన్నాము. రెండూ నిజమే. పంపిన తరువాత నెలకొక్క ఆదివారమైనా వెళ్లి, వంటగది వైపు కూడా ఒక చూపు చూసి రావలసిన బాధ్యత మనకున్నది.

ఇక్కడ చాలామంది తల్లిదండ్రులు పొరపడే సంగతి ఒకటి ఉన్నది. గురుకులములో ప్రవేశము ముఖ్యముగా అయిదవ తరగతిలో జరుగుతుంది. నవోదయ విద్యాలయము పరీక్ష అయిదవ తరగతి చదువుతుండగానే వ్రాసి ఆరవ తరగతిలో చేరాలి. అందులో నూటికి 75 సీట్లకు తక్కువ కాకుండా గ్రామీణ పిల్లలకే. మనము పదవ తరగతి దగ్గరకు వచ్చినప్పుడు కదా మేలుకుంటాము! అప్పటికి ఆ తలుపులు దాదాపు మూసి ఉంటాయి. మిగిలిన ఖాళీలకు పై తరగతులలో కొందరిని తీసుకొంటారు గాని అవి ఎన్ని ఉంటాయో ఎవరూ ముందు చెప్పలేరు.

మూడవ రకము బడిని గురించి మేము పిల్లలను అడగనక్కర లేదు. మా ఇంటిలోనే జరిగినది. 2009లో మా రెండవ కుమారుడిని ఏడవ తరగతి తరువాత పట్టణములో హాస్టలు ఉన్న ఒక పేరుపొందిన ప్రైవేటు పాఠశాలలో చేర్పించాము. ఎనిమిదవ తరగతి నుండే ఐఐటి పునాది అన్నారు. మేము ప్రభుత్వ బడిలో పంతుళ్లము, మా పిల్లవాడిని మాత్రము అప్పు చేసి అక్కడ వేశాము. ఆ మాట ఇప్పుడు వ్రాయడానికి కూడా సిగ్గుగానే ఉన్నది. మూడంతస్తుల మేడ, కిటికీలకు వల, క్రింద అంగళ్లు. మార్కులను బట్టి సెక్షన్లు, సెక్షనును బట్టి కార్డు రంగు. ఆదివారము పరీక్ష. దసరాకు వచ్చినప్పుడు అన్నము పళ్లెము ముందు పెట్టుకొని ఊరికే కూర్చునేవాడు. "ఆడుకోవడానికి అక్కడ నేలే లేదు నాన్నా" అన్నాడు ఒకసారి ఫోనులో. ఓర్చుకోరా, అందరూ చదవడము లేదా, అని మేమే బుద్ధి చెప్పాము. సంక్రాంతి లోపల పచ్చకామెర్లు వచ్చినవి. పిల్లవాడికి జబ్బు అని మాకు కబురు రాకముందే, వాడిని క్రింది సెక్షనుకు మార్చినట్లు చీటీ వచ్చినది.

తీసుకొనివచ్చి మా ప్రక్క ఊరి జిల్లా పరిషత్తు హైస్కూలులో చేర్పించాము. సైకిలు మీద వెళ్లి వచ్చేవాడు. ఇప్పుడు విద్యుత్తు శాఖలో పని చేస్తున్నాడు, బాగున్నాడు. కాని ఆ ఆరు నెలల సంగతులు ఈనాటికీ మాతో పూర్తిగా మాట్లాడడు. న్యాయముగా చెప్పవలెనంటే, అటువంటి బడులలో చదివి ఇంజనీర్లయిన పిల్లలు మా బంధువులలోనే ఉన్నారు. ఆ వేగము తట్టుకోగలిగినవారికి అది పనికి వచ్చినది. మావాడు తట్టుకోలేడని తెలుసుకొనే వీలు మాకు దసరాకే దొరికినది. తెలుసుకోలేదు.

ఊళ్లలోని చిన్న కాన్వెంట్ల గురించి రెండు మాటలు చాలు. బస్సు ఇంటి ముందుకు వస్తుంది, టీచరమ్మ డైరీ వ్రాస్తుంది, ఇంతవరకు మేలే. అక్కడ బోధించే అమ్మాయిలు చాలాచోట్ల బొత్తిగా చాలని జీతానికి పని చేస్తూ, మంచి ఉద్యోగము దొరకగానే వెళ్లిపోతారు. టై చూసి చదువును అంచనా వేయలేము. 2020లో వచ్చిన అమ్మఒడి డబ్బు, 2025లో వచ్చిన తల్లికి వందనము డబ్బు మా ఊరిలో చాలావరకు ఆ ఫీజులకే పోయినవి.

మిషను హైస్కూలు మాట ఎత్తకుండా ఉండలేము, మేము చదివినది అక్కడే గదా. రాబర్ట్ నోబుల్ దొరగారు 1843లో మచిలీపట్నములో బడి తెరిచిన నాటి నుండి మన ప్రాంతాలలో ఎన్ని ఇండ్లకు ఈ బడుల ద్వారా మొదటి అక్షరము వచ్చినదో! మా తరగతిలో 58 మందిమి. బోర్డింగులో జొన్న సంకటి, పలుచని పప్పు. పంతులుగారు సాయంత్రము లాంతరు పట్టుకొని చదువుకొనే వరుసల మధ్య తిరిగేవారు. ఈనాడు ఎయిడెడు బడులలో ఖాళీ అయిన పోస్టులు ఏండ్ల తరబడి నింపక, తరగతి గదులు బోసిపోయినవి. 2021లో ఎయిడెడు సంస్థలను సిబ్బందితో సహా ప్రభుత్వానికి అప్పగించే విషయమై ఆంధ్రప్రదేశ్‌లో ఎంత కలవరము పుట్టినదో చాలామందికి జ్ఞాపకము ఉండును. మేము చదివిన బడికి పోయిన సంవత్సరము వెళ్లాము. గంట అదే గంట. మా తరగతి గదిలో పదకొండు మంది పిల్లలు కూర్చున్నారు. వారికి పాఠము చెప్పే ఆయన మాత్రము ప్రతి పిల్లవాడి ఇంటి సంగతీ తెలిసినవాడు. అందరూ ఆయనకు పేరుపేరునా తెలుసు. బడి పడిపోతున్నదని బాధపడాలా, ఈ పదకొండు మంది అదృష్టవంతులని అనుకోవాలా, మాకు తోచలేదు.

ఇక ఆ తల్లికి.

అమ్మా, మీ ఉత్తరము మీద ఇంటి గురుతులు ఉన్నందున మేము బస్సెక్కి మీ ఇంటికే వచ్చాము, ఆ సంగతి మీకు తెలుసు. ఆ రోజు మనము మాట్లాడుకొన్నది మీ అనుమతితో తక్కిన చదువరుల కొరకు వ్రాస్తున్నాము. మీ ఇంటాయన మొండివాడని మేము అనుకొని వచ్చాము. తీరా కూర్చుంటే ఆయన భయము వేరు. శీతాకాలములో ఆటో నిండే సరికి చీకటి పడుతుంది, చెరువు కట్ట దగ్గర వీధి దీపము లేదు. అది లేని భయము అని మేము అనలేదు. కాని అమ్మాయిని ఇంటిలో ఉంచితే వచ్చే సంవత్సరమే సంబంధాల మాట మొదలవుతుందని కూడా ఆయనకు తెలుసు. 2009 నాటి ఉచిత విద్యా చట్టము పధ్నాలుగు ఏండ్ల వరకే పిల్లలను పట్టుకొంటుంది. పద్దెనిమిది నిండక పెండ్లి చేయరాదని ఇంకొక చట్టము. ఈ రెండింటి మధ్య ఉన్న నాలుగేండ్లలోనే కదా మన ఆడపిల్లలు చేజారిపోయేది.

కస్తూరిబా గాంధీ బాలికా విద్యాలయము సంగతి చెప్పాము. 2004లో పెట్టిన పథకము; బడుగు కుటుంబాల ఆడపిల్లలకు, మధ్యలో బడి మానినవారికి భోజనము, వసతి, చదువు అన్నీ ఉచితమే. ఆరవ తరగతిలో చేర్చుకొంటారు. ఎనిమిదిలో ఖాళీ ఉంటే తీసుకొంటారు. మండల విద్యాశాఖాధికారి గారి కార్యాలయములో అడగండని చెప్పాము. అమ్మాయి మాత్రము హాస్టలు వద్దన్నది. "లెక్కల సారు పెద్ద హైస్కూలులోనే బాగా చెబుతారట, అక్క చెప్పింది" అన్నది. ఏ అక్క అంటే ఆటోలో వెళ్లే వాళ్ల వీధి పిల్ల. పిల్లలు మనకంటే ముందే విచారించుకొని ఉంటారు.

అప్పుడు మేము ఆయనను లెక్క వేయమన్నాము. పిల్లవాడి కాన్వెంటు కొరకు తెచ్చిన అప్పుకు నెల వడ్డీ ఎంత? అమ్మాయి ఆటోకు నెలకు ఎంత? అమ్మాయే గోడకు ఆనుకొని నోటితో లెక్క కట్టి చెప్పింది. వడ్డీ కంటే ఆటో ఖర్చు నలభై రూపాయలు తక్కువ. ఆయన ఏమీ అనలేదు. పిల్లవాడు మాత్రము, "నేను కూడా అక్క బడికే పోతాను" అని మధ్యలో దూరితే వాళ్ల అమ్మ గసిరింది.

తిరిగి వచ్చేటప్పుడు ఆయన మాతో ఆటోల దగ్గర వరకు నడిచి వచ్చాడు. చెరువు కట్ట దగ్గర కాసేపు నిలబడి, దీపము లేని స్తంభము వైపు చూశాడు. పంచాయతీలో ఎవరిని అడగాలో నాకు తెలుసులే అన్నాడు. మేము ఆటో ఎక్కి కూర్చున్న తరువాత ఆయన డ్రైవరు దగ్గరకు వంగి, "సాయంత్రము బడి పిల్లలను ఎక్కించుకొని మొదటి ఆటో ఎన్ని గంటలకు వస్తుంది?" అని అడిగాడు.