నాలుగు మిల్లీమీటర్ల జల్లెడ దాటుతున్న ప్లాస్టిక్

హైదరాబాదు తూర్పు అంచున ఉప్పల్, నాచారం ప్రాంతాలలో పరిశ్రమలు, నివాస కాలనీలు, మూసీ పరీవాహక భూములు పక్కపక్కనే ఉన్నాయి. నగరపు మురుగు ఈ దిశగానే ప్రవహిస్తుంది. అంబర్‌పేటలో రోజుకు 33.9 కోట్ల లీటర్లు, ఉప్పల్‌కు ఆనుకొని ఉన్న నాగోలులో 17.2 కోట్ల లీటర్ల సామర్థ్యంతో మురుగునీటి శుద్ధి కేంద్రాలు నిర్మించారు. ఆ దిగువన పీర్జాదిగూడ, పర్వతాపూర్ వైపు రైతులు ఎంతో కాలంగా మూసీ నీటితోనే పాడి పశువులకు పారాగడ్డి పెంచుతున్నారు. ఈ నేలలలోని లవణాలు, భార లోహాలపై పరిశీలనలు జరిగాయి. సూక్ష్మ ప్లాస్టిక్‌ను కూడా అదే శ్రద్ధతో లెక్కించవలసిన సమయం వచ్చింది.

5 మిల్లీమీటర్లకన్నా చిన్నవైన ప్లాస్టిక్ రేణువులను సూక్ష్మ ప్లాస్టిక్ అంటారు. పాలిస్టర్ దుస్తులను ఉతికినపుడు రాలే పోగులు, టైర్ల అరుగుదల పొడి, చిరిగిన పాలిథిన్ సంచుల ముక్కలు మురుగులో కలుస్తాయి. శుద్ధి కేంద్రాలు వీటిలో అధిక భాగాన్ని నీటి నుండి వేరు చేస్తాయి. అయితే అవి నశించవు. అడుగు బురదలో చేరతాయి. ఆ బురదను ఎరువుగా వాడితే తిరిగి పొలానికే వస్తాయి. ఈ మార్గంలో యూరప్ సాగు భూములకు ఏటా 63,000 నుండి 4,30,000 టన్నుల సూక్ష్మ ప్లాస్టిక్ చేరుతున్నదని 2016లో శాస్త్రవేత్తలు అంచనా వేశారు.

నేలపై వీటి ప్రభావం రేణువు రకాన్ని బట్టి మారుతుంది. 2018లో బెర్లిన్ శాస్త్రవేత్తలు ప్రచురించిన పరిశోధనలో పాలిస్టర్ పోగులు నీటికి చెదరని మట్టి రేణు సముదాయాలను తగ్గించాయి. 2016లో నెదర్లాండ్స్ పరిశోధనలో పాలిథిన్ ఎక్కువగా కలిసిన ఆకుచెత్త తిన్న వానపాముల ఎదుగుదల మందగించి, మరణాలు పెరిగాయి. అక్కడ వాడిన మోతాదులు సాధారణ పొలాలలో ఉండే స్థాయికన్నా చాలా ఎక్కువ. కనుక ఇది భయపడవలసిన విషయం కాదు, కొలవవలసిన విషయం.

కొలిచే ఏర్పాటు మాత్రం మన ప్రమాణాలలో లేదు. 2015లో ప్రారంభమైన నేల ఆరోగ్య పత్రం 12 అంశాలను నమోదు చేస్తుంది. ప్లాస్టిక్ వాటిలో లేదు. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పట్టణ కంపోస్టులో సీసం, కాడ్మియం వంటి లోహాలకు పరిమితులు విధించింది. ప్లాస్టిక్‌కు అటువంటి పరిమితి లేదు. పైగా కంపోస్టులో కనీసం 90 శాతం 4 మిల్లీమీటర్ల జల్లెడ గుండా జారితే చాలు. ఆ రంధ్రాల గుండా సూక్ష్మ ప్లాస్టిక్ దాదాపు అంతా సులువుగా జారిపోతుంది. పెద్ద సంచి ముక్క జల్లెడపై నిలుస్తుంది. నలిగి పొడి అయినది నాణ్యమైన ఎరువుగా రైతుకు చేరుతుంది.

ఈ లోపాన్ని సరిదిద్దడానికి మూడు చర్యలు అవసరం. మొదటిది, పట్టణ కంపోస్టు, శుద్ధి కేంద్రాల బురద ప్రమాణాలలో ప్లాస్టిక్ పరిమితిని చేర్చాలి. రెండవది, ఉప్పల్ దిగువ మూసీ పొలాలలోను, పోలిక కొరకు బావి నీటితో సాగయ్యే పొలాలలోను స్థిరమైన నమూనా స్థలాలను ఎంచుకొని ఏటా పరీక్షించాలి. ఉప్పు ద్రావణంలో పాలిథిన్ తేలుతుంది. పాలిస్టర్ వంటి బరువైన రేణువులకు జింక్ క్లోరైడ్ ద్రావణం కావాలి. తొలి దశ లెక్కింపును విశ్వవిద్యాలయ ప్రయోగశాలలే చేయగలవు. మూడవది, తడి చెత్తను ఇంటి వద్దే వేరు చేయించాలి. కలిసిన చెత్త నుండి శుభ్రమైన కంపోస్టు రాదు.

నేలలో చేరిన భార లోహాన్ని సున్నం, సేంద్రియ పదార్థాలతో కొంతవరకు స్థిరపరచవచ్చు. దుక్కిలో కలిసిపోయిన ప్లాస్టిక్‌ను ఏరివేసే మార్గం రైతు చేతిలో లేదు. నగరం వదిలిన మురుగు భారాన్ని మూసీ రైతు ఇప్పటికే మోస్తున్నాడు. ఎరువు పేరుతో మరొక భారాన్ని అతని పొలంలో వేయకుండా చూడవలసిన బాధ్యత ప్రమాణాలను రూపొందించేవారిదే.