వేసవికి ముందే కప్పుకు సున్నం, పడమటికి పందిరి



రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయని మన పెద్దలు అనేవారు. ఆ ఎండలో పొలానికి వెళ్ళినవారి కోసం మనము భయపడతాము. ఇంట్లో ఉన్న ముసలి తల్లిదండ్రులను గురించి, బాలింతను గురించి, పసిబిడ్డను గురించి అంతగా ఆలోచించము. నీడపట్టునే ఉన్నారు గదా అనుకుంటాము. అయితే రేకుల ఇంట్లోను, ఎత్తు తక్కువగా ఉన్న డాబాలోను మధ్యాహ్నం నీడ ఉంటుంది గాని చల్లదనం ఉండదు. పగలంతా కాగిన డాబా ఆ వేడిని రాత్రి మన మీదకే వదులుతుంది. రాత్రియైనా శరీరం చల్లబడకపోతే ముసలివారు త్వరగా నీరసించిపోతారు. 2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో వెయ్యిమందికి పైగా మరణించారు. కనుక ఇది సౌఖ్యం కోసం చెప్పే మాట కాదు, ప్రాణాలకు సంబంధించిన మాట.

వెంటనే వాయిదాల మీద కూలరు కొందామనే ఆలోచన వస్తుంది. కరెంటు పోయినప్పుడు అది పనిచేయదు, వాయిదాలు మాత్రం ఆగవు. గది వేడి 40 డిగ్రీలు దాటితే ఫ్యాను గాలి కూడా చల్లబరచదు, వేడిగాలినే ఒంటికి కొడుతుంది. కాబట్టి వేడి లోపలికి వచ్చిన తరువాత తరమడం కంటె, రాకుండా ఆపడమే చౌక. ఆ పని ఇంటిల్లిపాది కలిసి మన చేతులతోనే చేసుకోవచ్చు.

మొదటి పని డాబా మీద సున్నం వేయడం. నల్లబడిన కప్పు ఎండను పీల్చుకుంటుంది, తెల్లని కప్పు తిప్పికొడుతుంది. అహమ్మదాబాదు నగరంలో 2010 నాటి వడగాడ్పుల తరువాత, 2013లో వేసవి రక్షణ ప్రణాళిక తయారుచేశారు. 2017లో అక్కడి పేదల పేటలలో ఇంటి కప్పులకు సున్నం వేయించారు. తెలంగాణ ప్రభుత్వం కూడా 2023లో చల్లని కప్పుల కోసం ఒక విధానం ప్రకటించింది. తెల్లని కప్పు వలన ఇంటి లోపల వేడి రెండు డిగ్రీలైనా, ఒక్కొక్కచోట అంతకంటె ఎక్కువైనా తగ్గుతుంది.

సుమారు 300 చదరపు అడుగుల డాబాకు 10 కిలోల రాతి సున్నం, 50 లీటర్ల నీరు, 200 గ్రాముల తుమ్మబంక లెక్క వేసుకోండి. కప్పు గరుకుగా ఉంటే మరికొంత పడుతుంది. ఇనుప డ్రమ్ములోగాని సిమెంటు తొట్టిలోగాని ముందు నీళ్ళు పోసి, సున్నపు రాళ్ళను కొద్దికొద్దిగా వేయాలి. రాళ్ళమీద నీళ్ళు గుమ్మరించకూడదు, సున్నం ఉడికి ఎగిరి పడుతుంది. అల్యూమినియం పాత్ర వాడకండి, సున్నం దానిని తినేస్తుంది. పిల్లలను ఆ దరిదాపులకు రానీయవద్దు. కంటిలో పడితే పావుగంటకు తక్కువ కాకుండా మంచినీళ్ళతో కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళవలెను.

ఒక రోజంతా కదపకుండా నాననిచ్చి, గుడ్డలో వడగట్టి, వేడినీళ్ళలో కరిగించిన బంక కలపండి. సున్నం పాలవలె పలుచగా ఉండాలి. కప్పు మీద దుమ్ము, నాచు ఊడ్చి కడిగి, తడి ఆరకముందే తెల్లవారుజామున పూత వేయండి. మిట్టమధ్యాహ్నం వేస్తే పట్టు రాకుండా పొడియై రాలిపోతుంది. ఒక పూత ఆరిన తరువాత మరొకటి, మొత్తం మూడు పూతలు వేయాలి. మరునాడు కొద్దిగా నీళ్ళు చిలకరిస్తే గట్టిపడుతుంది. వానలకు సున్నం పోతుంది గనుక ప్రతి యేడు మాఘ, ఫాల్గుణ మాసాలలో మళ్ళీ వేసుకోవాలి.

రేకుల ఇండ్లవారికి ఒక హెచ్చరిక. సిమెంటు రేకుల మీదికి ఎక్కి నడవవద్దు, విరిగి పడిపోతారు. పాత రేకులలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, దాని దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం. గీకవద్దు, కోయవద్దు, పొడిగా ఊడ్వవద్దు. నిచ్చెన మీదనుండి పొడవాటి కర్రకు కట్టిన బ్రష్షుతో అందినంతమేర సున్నం వేయండి. ఇనుప రేకులకు సున్నం సరిగా పట్టదు, రేకును కూడా పాడుచేస్తుంది. అటువంటి ఇంటికి లోపల రేకుకు అడుగు కిందుగా వెదురు తడిక కట్టుకోవడం మేలు. పొయ్యికి, కరెంటు తీగలకు మాత్రం తడిక దూరంగా ఉండాలి.

రెండవ పని పందిరి. సాయంత్రపు ఎండ పడమటి గోడను కాలుస్తుంది. ఆ గోడకు మూరెడు ఎడంగా సరుగుడు కర్రలు పాతి, తాళ్ళు అల్లి, తీగ పాకించండి. జనవరి, ఫిబ్రవరి నెలలలో బీర, సొర గింజలు పెట్టవచ్చు. దొండకైతే గింజలతో పనిలేదు. పొరుగువారి పాదు నుండి నాలుగు ముదురు తీగముక్కలు అడిగి తెచ్చుకుంటే చాలు, ఏండ్ల తరబడి కాస్తుంది. ఇంటికి నీడ, వంటకు కూర రెండును దొరుకుతాయి.

నీటి ఎద్దడి ఉన్న ఊళ్ళలో పాదు పక్కన ఒక మట్టికుండను మెడవరకు పాతి, నీళ్ళతో నింపి మూత పెట్టండి. నీరు మెల్లమెల్లగా వేళ్ళకు ఊరుతుంది, ఎండకు ఆవిరైపోదు. మూత ఉంటే దోమలు చేరవు. బియ్యం కడిగిన నీళ్ళు, కూరగాయలు కడిగిన నీళ్ళు ఆ పాదులోనే పోయండి.

ఈ పనులకయ్యే ఖర్చు ఒక కూలరు ఖరీదులో చిన్న భాగమే. కావలసింది రెండు మూడు రోజుల శ్రమ. అయితే ఆ శ్రమ చేయలేనివారు మన వీధిలోనే ఉన్నారు. ఒంటరి విధవరాలు నిచ్చెన ఎక్కలేదు, మంచానపడిన వృద్ధుడు బకెట్టు మోయలేడు. యౌవనస్థులారా, మీ ఇంటికి సున్నం నానవేసే రోజున ఆ ఇంటికి కూడా కలిపి నానవేయండి. ఈ వేసవిలో ఆ ఇంటివారు కూడా రాత్రిపూట నిద్రపోగలుగుతారు.