సూది తీసినంత మాత్రాన పని ముగియదు

మన పల్లెలలోనూ, పట్టణపు బస్తీలలోనూ ఒక నమ్మకం బలంగా వేళ్ళూనుకొని ఉన్నది. వైద్యుడు మాత్రలు వ్రాసి పంపితే రోగికి తృప్తి కలుగదు. సూది వేస్తేనే అది వైద్యమనిపించుకొంటుంది. సూదిని ఇంతగా కోరుకొనే మనం, దానిని ఎట్లా వేయాలో, వేసిన పిమ్మట ఏమి గమనించాలో తెలుసుకోవడానికి పూనుకోము. ఆ పరిజ్ఞానం నర్సుకు ఉంటే చాలుననుకోవడం సరికాదని నా అభిప్రాయం.

కండరంలోకి మందు ఎక్కించడం చూపులకు సులభమే. కాని చోటు తప్పితే కీడు మూడుతుంది. పిరుదు గుండా సయాటిక్ అనే పెద్ద నరం కాలిలోకి దిగుతుంది. అందుచేతనే పిరుదును నాలుగు భాగాలుగా ఊహించుకొని, పైన, వెలుపలి వైపున మాత్రమే సూది గ్రుచ్చాలని నేర్పుతారు. అంతకంటె తుంటి ప్రక్కభాగం క్షేమమని నేటి నర్సింగు శాస్త్రం చెబుతున్నది. ఆ నరం దెబ్బతింటే పాదం పైకి లేవక మనిషి జీవితాంతం కుంటవలసి రావచ్చు. పసిబిడ్డలకైతే తొడ ముందువైపు, వెలుపలి భాగమే తగినది.

సూది తీసిన పిదప పొడి దూదితో మృదువుగా అదిమి ఉంచాలే గాని గట్టిగా రుద్దరాదు. కొంతసేపు అక్కడే కూర్చోవాలి. ఊపిరి అందకపోవడం, దద్దుర్లు, ముఖం వాయడం వంటి ప్రమాద సూచనలు తరచుగా మొదటి నిమిషాలలోనే కనిపిస్తాయి. కొద్దిపాటి నొప్పి సహజం. వాపు, ఎరుపు, జ్వరం రోజురోజుకూ పెరిగినా, కాలు తిమ్మిరెక్కినా కాపడాలతో కాలయాపన చేయక వైద్యునికి చూపాలి.

అన్నింటికంటె ముఖ్యం, ఒకరికి వాడిన సూది, సిరంజి మరొకరికి వాడరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం, 2000 సంవత్సరంలో కలుషితమైన సూదుల వలన 2 కోట్ల 10 లక్షల మందికి హెపటైటిస్-బి సోకినది. కొత్త ప్యాకెట్టు మన కళ్ళెదుట విప్పమని కోరడం మన హక్కు.

రోగి ప్రశ్నిస్తే నర్సుకు చిన్నతనం కాదా అని కొందరంటారు. మర్యాదగా అడిగిన ప్రశ్నకు పని తెలిసిన నర్సు నొచ్చుకోదు. పని తెలియనివారే విసుగుకొంటారు.

విద్యార్థులారా! అమ్మీకో, నానీకో తోడుగా ఆస్పత్రికి వెళ్ళేది మీరే. మీకు తెలిసినది ఇంటిల్లిపాదికీ రక్ష. ఏటా ఒక పూట అనుభవజ్ఞురాలైన నర్సును పిలిపించి, ఈ విషయాలను విద్యార్థులకు ప్రత్యక్షంగా చూపించే ఏర్పాటు చేయవలసినదిగా కళాశాల కమిటీ పెద్దలను సవినయంగా కోరుతున్నాను. దానికయ్యే ఖర్చు స్వల్పం. దానివలన తప్పే కీడు స్వల్పం కాదు.