దారి మళ్లింది 1955లో కాదు

అక్టోబరు 1 వచ్చిందంటే టంగుటూరి ప్రకాశం పంతులుకు దండలు, తుపాకీకి రొమ్ము చూపిన కథ, ‘ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రి’ అన్న బిరుదు. దాని వెనకే, 1955లో కమ్యూనిస్టులు గెలిచి ఉంటే కేరళ కన్నా రెండేళ్ల ముందే ఎర్రజెండా ప్రభుత్వం ఇక్కడ వచ్చేదన్న నిట్టూర్పు. ఇలాంటి ఊహలు తప్పేం కాదు. మనవాళ్లు పట్టుకున్న ఏడాదే తప్పు.

1955లో 196 స్థానాలకు కమ్యూనిస్టులకు 15 దక్కాయి నిజమే. ఓట్లు మాత్రం 31 శాతం, 1952 కన్నా ఎక్కువ. కాంగ్రెస్, నిడుబ్రోలు రంగా గారి కృషికార్ లోక్ పార్టీ, ప్రకాశం వర్గం ఒక్కటై ముఖాముఖి పోటీ పెట్టడంతో సీట్లు రాలిపోయాయి.

అసలు మలుపు 1952 ఏప్రిల్. ఉమ్మడి మద్రాసు శాసనసభలో 375 స్థానాలకు కాంగ్రెస్ 152 దగ్గరే ఆగింది. ఆంధ్ర ప్రాంతంలో దానికి 40, కమ్యూనిస్టులకు 41. కమ్యూనిస్టులు, కిసాన్ మజ్దూర్ ప్రజాపార్టీ, మరికొందరు ప్రకాశాన్ని నాయకుణ్ణి చేసుకుని, తమ వెంట 166 మంది ఉన్నారన్నారు. గవర్నర్ శ్రీప్రకాశ పిలిచింది రాజాజీని. రాజాజీ ఎన్నికల్లో నిలబడనే లేదు. శాసనమండలికి నామినేట్ అయి, ఏప్రిల్ 10న ప్రమాణం చేశారు.

ముఖ్యమంత్రిని గవర్నర్ నియమిస్తారంటుంది 164వ అధికరణ. ఎవరిని ముందు పిలవాలో చెప్పదు. 166 కూడా సగానికి తక్కువే. ఎన్నికల తర్వాత కట్టిన కూటమిని, కేంద్ర-రాష్ట్ర సంబంధాలపై ఎన్నో ఏళ్ల తర్వాత వేసిన సర్కారియా కమిషన్ సైతం అతిపెద్ద పార్టీ వెనకే నిలబెట్టింది. ఇంతవరకు శ్రీప్రకాశను తప్పుపట్టలేం. మరి ఆ నామినేషన్? 171వ అధికరణ ఆ సీట్లను సాహిత్యం, శాస్త్రం, కళలు, సహకారోద్యమం, సంఘసేవ తెలిసినవారికి ఉంచింది. రాజాజీ గొప్ప రచయితే, కాదనేవారెవరు? కానీ ఆయనకు సీటిచ్చింది పుస్తకాలు చూసి కాదు, కాంగ్రెస్‌కు ముఖ్యమంత్రి కావలసి వచ్చి. కమ్యూనిస్టు నేత పి.రామమూర్తి మద్రాసు హైకోర్టుకెక్కితే పిటిషన్ కొట్టేశారు. కోర్టు జోక్యం చేసుకోనంత మాత్రాన ఆ పని రాజ్యాంగ స్ఫూర్తికి తగినదైపోదు.

ఆరోజు ప్రకాశాన్నే పిలిచి సభలో బలం తేల్చుకోమని ఉంటే? దేశంలో తొలి కాంగ్రెసేతర ప్రభుత్వమన్న పేరు పెప్సూ రాష్ట్ర ముఖ్యమంత్రి రారేవాలాకు దక్కింది, ఏప్రిల్ 22న. అది పన్నెండు రోజుల ముందే మన పంతులుకు దక్కేది. కమ్యూనిస్టులు 1957 దాకా ఆగకుండానే అధికారంలో భాగస్వాములయ్యేవారు. ఆ ప్రభుత్వం ఎన్నాళ్లు నిలిచేదంటారా, అది వేరే సంగతి. 1947లో మద్రాసు ప్రధాని పదవి నుంచి ఆయన్ను దించింది సొంత పార్టీవాళ్లే.

చివరికి 1953లో ఆయన ‘తొలి’ ముఖ్యమంత్రి అయింది అదే కాంగ్రెస్ మద్దతుతో. మరుసటి ఏడాది నవంబరులో ఒక్క ఓటుతో పడిపోయారు. 1952లో రాజ్‌భవన్‌లో జరిగిన నిర్ణయాన్ని 1955 ఓటర్ల ఖాతాలో వేయడం అన్యాయం.