పదోన్నతికి ప్రమాణమేది?
పదోన్నతులలో రిజర్వేషను వర్గములకున్న 33 శాతము కోటాను తొలగించి, 2004 మే 25 నాటి జ్యేష్ఠతను పట్టి ఖాళీలన్నిటిని నింపవలెనని మహారాష్ట్ర ప్రభుత్వము 2021 మే 7న వెలువరించిన ఉత్తర్వు సుప్రీంకోర్టు తుది నిర్ణయమునకు లోబడినదే యైనను, ఆచరణలో ఆ నిర్ణయమును ముందుగనే చెప్పివేసినట్లున్నది. ఏలయన నేడు పైమెట్టెక్కినవానిని రేపు దింపుట ఏ శాఖకును సులభము కాదు, ఈలోపున పదవీవిరమణ చేసినవానికి, పిదప న్యాయస్థానము గెలిపించినను, ఆ కుర్చీ తిరిగి దక్కదు. తండ్రి జవానుగా చేరిన సర్కారు కొలువులో కుమారుడు గుమాస్తాయై హెడ్ క్లార్కు పదవికై ఎదురుచూచు కుటుంబము ముంబయి కామాఠిపురా గల్లీలలో నున్నను, మరియే తెలుగువారి చాల్‌లో నున్నను, దానికి ఈ రాజ్యాంగచర్చ యంతయు జీతపుశ్రేణిగను, పింఛనుగను మాత్రమే అర్థమగును. పదోన్నతులలో రిజర్వేషన్లపై సుప్రీంకోర్టు ఇచ్చిన నాగరాజ్ తీర్పు 2006లోనే కోరిన, ఆ వర్గముల ప్రాతినిధ్యపు లెక్కలను (అవి ఇన్నేండ్లుగా ఏ బల్లపై నిద్రించుచున్నవో!) శాఖలవారీగా సమకూర్చి న్యాయస్థానము ముందుంచుట ప్రభుత్వమునకు ప్రథమకర్తవ్యము. అంతవరకు నియామకపత్రముపై ‘తాత్కాలికము’ అని వ్రాసి ఊరకుండుట చాలదు. జ్యేష్ఠతాపట్టికలను ప్రతి కార్యాలయమునందును బహిరంగముగా అంటించి, అభ్యంతరములకు తగిన గడువొసగి, త్రోసిపుచ్చిన ప్రతి విన్నపమునకును కారణమును లిఖితపూర్వకముగా తెలుపవలయును.